లష్కరు బోర్డు - ఊహాలోకపు పాలకమండలి

ఇటీవల ఒక ఆదివారం సాయంత్రం కార్ఖానాలో మా మిత్రులొకరి ఇంటికి వెళ్ళినాము. వారి మనుమడు టెలివిజను ముందు కూర్చుని, నక్షత్రాల నడుమ నౌకలు తిరిగే కథ నొకదానిని చూస్తున్నాడు. తెరమీద విశాలమైన సభాభవనం. అందులో రకరకాల గ్రహాల ప్రతినిధులు బారులు తీరి కూర్చున్నారు. బాలుడు వెనుకకు తిరిగి, "తాతయ్యా, వీళ్ళను ఎవరు ఎన్నుకున్నారు?" అని అడిగినాడు. మా మిత్రులు నవ్వి, "ఒరే నాయనా, నక్షత్రాల సంగతి తరువాత చూద్దాం. మన కంటోన్మెంటు బోర్డులో ఎవరు కూర్చున్నారో ముందు నీవు చెప్పు" అన్నారు. బాలుడు చెప్పలేకపోయినాడు. అక్కడ ఉన్న పెద్దలలోనూ వెంటనే చెప్పగలిగినవారు లేరు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ ప్రసంగానికి కారణం.

ముందుగా ఆ కథను గురించి రెండు మాటలు. అమెరికాలో 1966 సెప్టెంబరు 8వ తేదీన 'స్టార్ ట్రెక్' అనే ధారావాహిక మొదలైనది. దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బరీ. మన దేశంలో 1980ల దశకంలో దూరదర్శన్ దానిని ప్రసారం చేసినది. అనేక గ్రహాలు కలిసి ఏర్పరచుకున్న ఒక సమాఖ్య, దానికొక పాలకమండలి, ఒక అధ్యక్షుడు, ఒక నౌకాదళం - ఇదీ ఆ కథలోని రాజ్యాంగం. 1967లో ప్రసారమైన ఒక భాగంలో కోరిడాన్ అనే గ్రహాన్ని సమాఖ్యలో చేర్చుకోవలెనా వద్దా అనేదే తగవు. ఆ గ్రహంలో విలువైన ఖనిజం ఉన్నది. దానిని కాపాడుకొనే శక్తి మాత్రం లేదు. దొంగచాటుగా ఆ ఖనిజాన్ని తవ్వుకొని లాభపడుతున్నవారు కోరిడానుకు సభ్యత్వం రాకూడదని పట్టుపడతారు. ఒక గ్రహానికి సభలో పీట దొరికితే దాని సొత్తుకు రక్షణ దొరుకుతుంది. పీట లేనివాని సొత్తు పదిమంది పాలు. పిల్లల కథగా కనిపించే ఆ కథలోని రాజనీతి ఇంతే.

1986లో వచ్చిన ఒక చలనచిత్రంలో ఈ పాలకమండలి సభను శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో చూపినారు. ఆ నగరానికి సభల చరిత్రలో నిజంగానే ఒక స్థానం ఉన్నది. 1945 జూన్ 26వ తేదీన ఐక్యరాజ్యసమితి అధికార పత్రంపై దేశాలు సంతకాలు చేసినది అక్కడనే. భారతదేశం తరఫున సంతకం చేసినవారిలో ఒకరు ఆర్కాటు రామస్వామి మొదలియారు. వారు మన కర్నూలులో జన్మించినవారు. ఆ సమితి మహాసభలో పెద్దదేశమైనా చిన్నదేశమైనా ఓటు ఒకటే. కాని భద్రతామండలిలో అయిదు దేశాలకు వీటో అధికారం ఉన్నది. కనుక ఏ సభను చూచినా పీటలు ఎన్ని అని లెక్కపెట్టి ఊరుకొంటే చాలదు. ఎవరి మాటతో పని ఆగుతుంది, ఎవరి మాటతో సాగుతుంది అనేది కూడ విచారించవలెను.

ఈ కొలబద్దను చేతబట్టుకొని ఇక మన ఊరికి వద్దాము.

సికిందరాబాదును పెద్దలు నేటికీ లష్కరు అనే పిలుస్తారు. ఆషాఢంలో జరిగే లష్కరు బోనాల పేరులోనూ ఆ మాట నిలిచి ఉన్నది. లష్కరు అంటే సైన్యం, సైన్యం విడిసిన చోటు. 1798లో నిజాం అలీఖానుకు, ఈస్టిండియా కంపెనీకి మధ్య సైన్య సహకార సంధి జరిగినది. కంపెనీ దళాలు హుస్సేనుసాగరుకు ఉత్తరాన గుడారాలు వేసినవి. 1806లో ఆ దండు నెలవుకు మూడవ అసఫ్‌జా అయిన సికందర్ జా పేరు పెట్టినారు. దండు ఉన్నచోటికి దుకాణాలు, దర్జీలు, రజకులు, వడ్రంగులు, గుమాస్తాలు వచ్చి చేరినారు. సైన్యం కోసం వచ్చిన జనం కాలక్రమాన సైన్యం కంటె ఎక్కువైనారు. ఊరు పుట్టిన తీరే ఇది. ఈ ఊరి పాలనలోని చిక్కు కూడ అక్కడనే పుట్టినది.

దండులోని పౌరులపై సైన్యానికి అధికారం ఎందుకు కావలసి వచ్చినది? ఇందుకు సరియైన కారణమే ఉన్నది. భారతదేశంలోని సైనికుల ఆరోగ్యాన్ని విచారించిన రాజసంఘం 1863లో తన నివేదికను సమర్పించినది. యుద్ధంలో కంటె రోగాలతో చనిపోతున్న ఆంగ్ల సైనికులే ఎక్కువమంది అని దానివలన తేలినది. మురుగునీరు, కలుషితమైన బావులు, ఇరుకు బజార్లు ఇందుకు కారణాలు. బజారులో కలరా వస్తే అది బారకాసుకూ వస్తుంది. కాబట్టి 1864లో కంటోన్మెంట్ల పాలనకు ఒక చట్టం వచ్చినది. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది ఈ సికిందరాబాదులోనే అని తలచుకొంటే, ఆనాటి సైనికాధికారుల భయం ఉత్తది కాదని తెలుస్తుంది.

అయితే బజారును శుభ్రపరచడానికి వచ్చిన అధికారం పన్నులు వేసింది, ఇండ్లకు అనుమతులిచ్చింది, వీధులను నడిపింది. పన్ను చెల్లించేవారికి మాట ఉండవలెను గదా! 1924 నాటి కంటోన్మెంట్ల చట్టం బోర్డులలో ఎన్నికైన సభ్యులకు చోటు కల్పించినది. ఆ తరువాత లష్కరులోని ఒక భాగం కంటోన్మెంటునుండి విడిపోయినది. 1945లో సికిందరాబాదు మునిసిపాలిటీ ఏర్పడి, తరువాత కార్పొరేషనై, 1960లో హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. తక్కిన భాగం, అనగా బోయినపల్లి, కార్ఖానా, తిరుమలగిరి, రసూల్‌పురా, బొల్లారం మొదలైన ప్రాంతాలు కంటోన్మెంటులోనే ఉండిపోయినవి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ప్రాంతపు జనసంఖ్య 2 లక్షల 17 వేలకు పైచిలుకు.

1924 నాటి చట్టం స్థానంలో 2006లో కొత్త చట్టం వచ్చినది. దాని ప్రకారం మొదటి తరగతి కంటోన్మెంటు బోర్డులో 16 మంది ఉంటారు. స్థానిక సైనిక దళాల అధికారి పదవిరీత్యా అధ్యక్షుడు. ఆయనతోబాటు ఆయన నియమించే ముగ్గురు సైనికాధికారులు, జిల్లా మేజిస్ట్రేటు లేక ఆయన పంపే అదనపు మేజిస్ట్రేటు, ముఖ్య కార్యనిర్వహణాధికారి, ఆరోగ్యాధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. వీరు ఎనిమిదిమంది. వార్డులనుండి ప్రజలు ఎన్నుకొనే సభ్యులు ఎనిమిదిమంది. ఎన్నికైనవారు తమలో ఒకరిని ఉపాధ్యక్షునిగా ఎన్నుకొంటారు. ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు, శాసనసభ్యుడు సభకు ఆహ్వానితులుగా రావచ్చును, మాటలాడవచ్చును. వారికి ఓటు మాత్రం లేదు.

ఎనిమిదికి ఎనిమిది, త్రాసు సమంగా ఉన్నట్లు కనిపిస్తుంది. కాని ఓట్లు సమానమైనప్పుడు అధ్యక్షపీఠంలో ఉన్నవారికి రెండవ ఓటు ఉన్నది. అనగా ఎనిమిదిమంది ప్రజాప్రతినిధులు ఒక్కమాటగా నిలిచినా, తక్కినవారందరు మరొకవైపు నిలిస్తే త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. అంతేకాదు. బోర్డు చేసిన తీర్మానం సైనికుల ఆరోగ్యానికి, క్రమశిక్షణకు, భద్రతకు భంగకరమని అధ్యక్షుడు భావిస్తే దాని అమలును కొంతకాలం నిలిపి పై సేనాధికారికి నివేదించవచ్చును.

అలాగైతే ఎన్నికైన సభ్యుడు అక్కడ కూర్చుని ప్రయోజనమేమి అని శ్రోతలు అడుగవచ్చును. ప్రయోజనం ఉన్నది, అది ఆ చట్టంలోనే మరొకచోట కనబడుతుంది. ఏ సభ్యుడైనా ఒక తీర్మానాన్ని అంగీకరించక, తన అసమ్మతిని వ్రాయుమని కోరితే, దానిని కారణంతో సహా సభా కార్యక్రమాల పుస్తకంలో నమోదు చేయవలెను. ఓటులో ఓడిపోయినవాని మాట కాగితంపై నిలుస్తుందన్నమాట. రేపు న్యాయస్థానం దానిని చూడవచ్చును, పై అధికారి చూడవచ్చును, ఓటరు చూడవచ్చును. "కాదు" అన్న మాటకు కూడ ఒక చోటు ఉన్నప్పుడే సభ సభ అనిపించుకొంటుంది. అందరు తల ఊపే చోటికి కొలువు అని పేరు.

ఈ మాటల విలువ తెలియాలంటే రోడ్ల సంగతి చూస్తే చాలు. కంటోన్మెంటులోని కొన్ని రోడ్లను భద్రతా కారణాలవలన మూసివేయగా, బడికి పోయే పిల్లలు, ఉద్యోగులు, రోగులను తీసుకొనిపోయేవారు చుట్టు తిరిగి పోవలసి వచ్చినది. సైనిక స్థావరాలపై దాడులు జరిగే కాలంలో సైన్యం జాగ్రత్తపడడం తప్పు కాదు. ఏళ్ళతరబడి నడిచిన బాట ఒకనాటి ఉదయం గేటుగా మారితే పౌరుడు బాధపడడమూ తప్పు కాదు. వీధిని శాశ్వతంగా మూయవలెనంటే ప్రజలకు ముందుగా ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు స్వీకరించవలెనని చట్టం చెబుతున్నది. 2018 మే నెలలో రక్షణ మంత్రిత్వశాఖ దేశంలోని కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరువవలెనని నిర్ణయించినది. ఇరువైపులా న్యాయం ఉన్న ఇటువంటి తగవును తీర్చడానికే సభ ఉన్నది. ఒకవైపువారే కూర్చుంటే అది తీర్పు అవుతుంది గాని పరిష్కారం కాదు.

ఇప్పుడు బాలుని ప్రశ్నకు వద్దాము. సికిందరాబాదు బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగినవి. అయిదేండ్ల గడువు ముగిసినది; పొడిగింపులు కూడ ముగిసినవి. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన సభ్యులు దిగిపోయినారు. వారి స్థానంలో, చట్టం ప్రత్యేక పరిస్థితులకు కల్పించిన చిన్న బోర్డు వచ్చినది. అందులో ముగ్గురే: సైనికాధికారి అయిన అధ్యక్షుడు, ముఖ్య కార్యనిర్వహణాధికారి, కేంద్రప్రభుత్వం నియమించే ఒక పౌరుడు. పదహారు పీటల సభ మూడు పీటలకు తగ్గినది. 2023 ఫిబ్రవరిలో దేశంలోని 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30వ తేదీన ఎన్నికలు జరుపుతామని ప్రకటన వెలువడినది. మార్చిలో దానిని ఉపసంహరించినారు. ఆ ఏడాదే హిమాచల్ ప్రదేశ్‌లోని ఖాస్ యోల్ కంటోన్మెంటును రద్దు చేసి, పౌరప్రాంతాన్ని స్థానిక సంస్థలకు అప్పగించే పని ప్రారంభమైనది. సికిందరాబాదు పౌరప్రాంతాన్ని కూడ నగరపాలక సంస్థలో కలపవలెనన్న ప్రతిపాదన పరిశీలనకు వచ్చినది.

ఓటరు జాబితా విషయం కూడ చెప్పుకోవలెను. పచ్‌మఢీ కంటోన్మెంటుకు సంబంధించిన కేసులో 2016లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పుతూ, అనుమతి లేని ఇండ్లలో నివసించేవారికి కంటోన్మెంటు బోర్డు ఎన్నికలలో ఓటు లేదన్నది. అదే మనిషి శాసనసభకు ఓటు వేయగలడు, పార్లమెంటుకు ఓటు వేయగలడు. తన వీధి కుళాయిని చూచే బోర్డుకు మాత్రం వేయలేడు. ఆక్రమణలను ఓటుతో స్థిరపరచకూడదన్నది ఇందులోని ఒక న్యాయం. కాని ఆ గుడిసెలో కాపురమున్నవానికి మురుగుకాలువ గురించి చెప్పుకోవడానికి మరొక చోటు చూపవలసిన బాధ్యత తీరిపోలేదు.

విలీనం మంచిదా, కంటోన్మెంటుగా ఉండడమే మంచిదా అన్నది ఈ ప్రసంగంలో తేల్చగల విషయం కాదు. వెడల్పైన రోడ్లు, చెట్లు, ఎత్తుకు హద్దులున్న కట్టడాలు పోతాయని కొందరి బెంగ. నీళ్ళు, అనుమతులు, రాష్ట్రప్రభుత్వ పథకాలు సులభమవుతాయని కొందరి ఆశ. రెండింటిలోనూ నిజం ఉన్నది. మేము చెప్పదలచినది ఇంతకంటె చిన్నమాట. ఈ బెంగను, ఈ ఆశను ఒకే గదిలో కూర్చుని చెప్పుకొనే సభ్యులు లేకుండానే ఏండ్లు గడిచినవి. ఊరి భవిష్యత్తు తేలవలసిన కాలంలోనే ఊరివారి పీటలు ఖాళీగా ఉన్నవి.

నక్షత్రాల కథలోనూ ఇటువంటి ఘట్టం ఒకటి ఉన్నది. 1996 జనవరిలో ప్రసారమైన రెండు భాగాలలో, శత్రువు రూపం మార్చుకొని భూమిమీద తిరుగుతున్నాడన్న భయం వ్యాపిస్తుంది. ఒక సేనాధిపతి దేశాన్ని కాపాడవలెనన్న తపనతో తన మనుషుల చేతనే విద్యుత్తును స్తంభింపజేసి, అధ్యక్షుని చేత అత్యవసర పరిస్థితి ప్రకటింపజేస్తాడు. అతడు దుర్మార్గుడు కాడు; దేశభక్తుడే. చివరకు అతని క్రింది అధికారులే అతనిని ఆపుతారు. మన లష్కరులో అటువంటిదేదీ జరుగలేదు. ఇక్కడ సైనికాధికారి పీఠమెక్కినది చట్టం ఇచ్చిన అధికారంతోనే. అయినా ఆ కథ చెప్పే హెచ్చరిక శాంతికాలానికీ వర్తిస్తుంది. కాపాడేవాడు మంచివాడైనంత మాత్రాన, కాపాడబడేవాని మాట అడుగనక్కరలేదని అర్థం కాదు.

మా మిత్రులు తమ మనుమనికి ఇదంతా చెప్పినప్పుడు అతడు కొంతసేపు ఆలోచించి, "అయితే మన సభలో మన పీటలు ఎన్ని తాతయ్యా?" అని అడిగినాడు. "ఎనిమిది రా, నాయనా. ఇప్పటికి చట్టంలో ఉన్నవి" అన్నారు వారు. కంటోన్మెంటులో నివసించే శ్రోతలు తమ వార్డు ఏదో, ఓటరు జాబితాలో తమ పేరు ఉన్నదో లేదో ఒకసారి విచారించుకొంటే, ఎన్నికల పిలుపు వచ్చిననాడు ఆ పీటలు చట్టంలోనుండి సభలోకి రావడానికి ఆలస్యం కాదు.