నింద కారానికి, నష్టం పేగుకి

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎవరికైనా మలంలో రక్తం పడితే ఇంటిల్లిపాదీ ముందుగా అనుమానించేది కారాన్నే. పచ్చళ్ల జాడీ అటకెక్కుతుంది, కంచంలోకి పెరుగన్నం దిగుతుంది. వారమైనా రక్తం ఆగకపోతే మొలలంటారు. అప్పటికీ ఆగకపోతే అమీబా అంటారు. ఇంత విచారణలోనూ నడుము నొప్పికో మోకాళ్ల నొప్పికో ఆ మనిషి రోజూ మింగుతున్న బిళ్ల జోలికి మాత్రం ఎవరూ పోరు.

ముందు జబ్బు సంగతి. పేగుల్లో వాపు, పుండ్లు ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉండే జబ్బులను కలిపి ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ అంటారు. వీటిలో ముఖ్యమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపొరకు వస్తుంది, మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా పాడుచేయవచ్చు. రెండింటిలోనూ ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పేగు మీద తిరగబడుతుంది. ఇది పట్నం వాళ్ల జబ్బనే నమ్మకం చాలాకాలం ఉండేది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు, కడుపు బాధలున్న 30 వేల మందికి పైగా రోగులను పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెకూ పట్నానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇక ముద్దాయి కారం. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాల కొసలను తట్టిలేపుతుంది. నోట్లో మంట పుట్టేది అందుకే. జబ్బు విజృంభించిన రోజుల్లో అది కడుపు మంటను, విరేచనాలను పెంచవచ్చు కాబట్టి అప్పుడు తగ్గించుకోవాలి. అంతేగాని ఐబీడీని అది పుట్టిస్తుందనడానికి రుజువు లేదు. జబ్బు నెమ్మదించాక ఎవరికి సరిపడినంత వారు తినొచ్చు. మిర్చి యార్డు పక్కన బతికే మనిషిని జన్మంతా చప్పిడి తినమనడం వైద్యం కాదు, శిక్ష.

అసలు అనుమానించాల్సింది నొప్పి బిళ్లను. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ వంటి మందులు వాపును, నొప్పిని తగ్గిస్తాయి. తగ్గించే పద్ధతిలోనే చిక్కుంది. ఒంట్లో నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారుకాకుండా ఇవి అడ్డుపడతాయి. కానీ కడుపు, పేగుల లోపొరకు కాపలా కాసేవి కూడా ఆ రసాయనాలే. మట్టి గోడకు ఎప్పటికప్పుడు అలుకు పెట్టే మనిషిలా అవి పొరను బాగుచేస్తుంటాయి. ఆ మనిషిని పనిలోంచి తీసేస్తే, ముందే నెర్రెలిచ్చిన గోడ ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందరికీ ఇలా జరగదు. జరిగేవారిలో మాత్రం కొద్ది రోజుల వాడకంతోనే అణిగి ఉన్న జబ్బు మళ్లీ లేవవచ్చు. అది ఎవరికి జరుగుతుందో ముందుగా తెలుసుకునే పరీక్ష లేదు.

మన నేలలో ఈ బిళ్లకు గిరాకీ ఎందుకో అందరికీ తెలిసిందే. పొద్దున్నుంచి నడుం వంచి పత్తి తీయాలి, మిరపకాయలు కోయాలి, కల్లాల్లో కాయ ఎండబెట్టాలి, కింద కూర్చుని తొడిమలు తీయాలి. కనిగిరి ప్రాంతంలోనైతే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకూ కీళ్లకూ వేరే బాధ తెచ్చిపెట్టింది. మర్నాడు కూలికి వెళ్లాలంటే సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర ఒక డైక్లో సూది, లేదా మందుల షాపులో రెండు బిళ్లలు. సూది అయితే కడుపులోకి పోదు కదా, పేగుకేం కాదని కొందరి ధీమా. మందు రక్తంలో కలిశాక పేగును తప్పించుకుని తిరగదు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వల్ల, వాటి కళేబరాలు తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని మన దేశంలో 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. రాబందుల తరఫున మాట్లాడటానికి ఎవరో ఒకరున్నారు. మన పేగుల తరఫున మనమే మాట్లాడుకోవాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఐబీడీ పేగుతో ఆగదు, కొందరికి కీళ్ల నొప్పులు కూడా తెస్తుంది. మోకాలు వాచిందని నొప్పి బిళ్ల వేస్తే పేగు రేగుతుంది, పేగు రేగితే కీళ్లు ఇంకా నొస్తాయి, దాంతో ఇంకో బిళ్ల. ఈ గానుగలో ఏళ్లు గడిపేవారున్నారు.

మరి నొప్పి వస్తే? జ్వరానికైనా, మామూలు ఒళ్లు నొప్పులకైనా ఒట్టి పారాసెటమాల్ మేలు. పెద్దవాళ్లకు 500 లేదా 650 మిల్లీగ్రాములు, మోతాదుల మధ్య ఆరు గంటలైనా ఎడం, రోజు మొత్తం మీద 3 గ్రాములు దాటకుండా. కాలేయం దెబ్బతిన్నవారు, రోజూ మందు కొట్టేవారు డాక్టర్ని అడగందే అంత కూడా వేసుకోకూడదు. ‘ఒట్టి’ అన్న మాట ముఖ్యం. డోలోలో ఉండేది పారాసెటమాలే. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కూడా ఉంటుంది. జీరోడాల్-పి లో ఎసిక్లోఫెనాక్ తోడుంటుంది. అట్ట వెనుక చీమతలకాయంత అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది. చదివేవాడి కళ్లజోడు ఇంటి దగ్గర ఉంటుందని కంపెనీల నమ్మకం కాబోలు. గుండెకోసం డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను మాత్రం ఇది చదివి ఆపేయకండి, అది గుండె డాక్టరు, పేగు డాక్టరు కలిసి తేల్చాల్సిన విషయం.

ఇప్పుడు పేగు వాపును నిజంగా తగ్గించే మందులకు వద్దాం. అల్సరేటివ్ కొలైటిస్ మరీ తీవ్రంగా లేనప్పుడు మొదట ఇచ్చేది మెసలమిన్. క్రోన్స్‌లో దీని ఉపయోగం అంతంతమాత్రం. పైనే కరిగిపోకుండా పేగులో కిందికి వెళ్లాక విడుదలయ్యేలా ఈ బిళ్లకు పూత వేస్తారు. కాబట్టి నమలకూడదు, నూరకూడదు, సగానికి విరచకూడదు. నూరి తేనెలో కలిపి ఇస్తే తేనె పనిచేస్తుంది, మందు చేయదు. కొన్ని రకాల్లో ఖాళీ డొల్ల మలంలో కనబడవచ్చు, దానికి కంగారు అక్కర్లేదు. బిళ్లకు బిళ్లే బయటికొస్తుంటే డాక్టరుకు చెప్పాలి. రోజూ రెండు మూడు పూటలు గుర్తుండకపోతే మొత్తం మోతాదు ఒకేసారి వేసుకోవచ్చేమో అడగండి, చాలామందికి అది అంతే బాగా పనిచేస్తుంది.

వాపు మలద్వారం దగ్గరే ఉన్నప్పుడు కింద నుంచి పెట్టుకునే మందు, మింగే బిళ్ల కంటే బాగా పనిచేస్తుంది. సిగ్గుపడి చాలామంది ఆ మందును బీరువాలోనే దాస్తారు. బీరువాకు కొలైటిస్ లేదు. అన్నట్టు, రెంటచింతల ఎండల్లో రేకుల ఇంట్లో ఉంచితే ఆ మందు చేతికొచ్చేసరికి కారిపోతుంది. బిళ్లలను కూడా చల్లని, తడిలేని చోట ఉంచాలి.

మెసలమిన్ అరుదుగా కిడ్నీలను దెబ్బతీస్తుంది. మొదలుపెట్టే ముందు, తర్వాత కొన్ని నెలలకు, ఆపైన ఏటా రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గి ఉన్నవారు దానిపైన నొప్పి బిళ్లలు కూడా వేసుకుంటే కిడ్నీకి అన్నివైపుల నుంచీ భారమే.

మెసలమిన్‌కు అక్కలాంటి మందు సల్ఫాసలజిన్. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్జ్ 1940 ప్రాంతంలో కీళ్లవాతం కోసమని దీన్ని తయారు చేయించారు. అది పేగుకూ పనికొచ్చింది. పేగుతో పాటు కీళ్లూ వాచినవారికి ఒక దెబ్బకు రెండు పిట్టలన్నమాట. సల్ఫా మందులు పడనివారు వాడకూడదు. దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడక్కర్లేదు. మగవారిలో వీర్యకణాలు తగ్గవచ్చు, మందు మార్చాక మళ్లీ మామూలవుతాయి. పిల్లలు కలగడంలేదని అమ్మాయిని మొక్కులకు తిప్పేముందు ఈ సంగతి కనుక్కోవడం మంచిది.

స్టెరాయిడ్ల కథ వేరు. 1955లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ తీవ్రమైన కొలైటిస్‌లో కార్టిజోన్ గుణాన్ని నిరూపించారు. విజృంభించిన జబ్బును దించడంలో ప్రెడ్నిసలోన్‌ది ఇప్పటికీ పెద్దచెయ్యే. దిగిన జబ్బును దించినచోట ఉంచడం మాత్రం దానివల్ల కాదు. ఆకలి పెరిగి మొహం గుండ్రమైతే ఊళ్లో ‘ఒళ్లు చేశాడు’ అని మెచ్చుకుంటారు. లోపల షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. బాగుందని తనంతట తాను కొనసాగించడం ఎంత తప్పో, చాలులే అని ఒక్కరోజులో ఆపేయడం అంతకంటే పెద్ద తప్పు. వారాల మీద తగ్గించుకుంటూ రావాలి. పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలున్నాయి. మూడు రోజుల్లో అద్భుతం చేసిన పొడిని అందుకే అనుమానించాలి.

మన దేశంలో మరో జాగ్రత్త ఉంది. పేగు క్షయ, క్రోన్స్ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. క్షయ ఉన్నవారికి స్టెరాయిడ్ మాత్రమే ఇస్తే క్షయకు దారి తెరిచినట్టే. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి ఖరీదైన సూదులకు ముందు ఛాతీ ఎక్స్‌రే, దాగిన క్షయకు పరీక్ష చేసేది కూడా ఇందుకే, బిల్లు పెంచడానికి కాదు.

రోజుకు ఆరుసార్లు లేదా అంతకు మించి రక్తంతో విరేచనాలు, దాంతో జ్వరమో గుండెదడో ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. గుంటూరు జనరల్ ఆసుపత్రో, మంగళగిరి ఎయిమ్సో, ఒంగోలు రిమ్సో, ఏది దగ్గరైతే అది. ఆ స్థితిలో విరేచనాలు కట్టించే లోపరమైడ్ వేసుకోకండి, పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవచ్చు.

చివరిగా, డాక్టరు దగ్గర దాచకూడనిది ఆ నొప్పి బిళ్లే. కారం తిన్నామని అడక్కుండానే ఒప్పుకునేవారు, సూది వేయించుకున్నామని అడిగినా చెప్పరు. డాక్టరుకు కనబడేది ఒక్కటే, మందు వాడుతున్నా జబ్బు లేచింది. మెసలమిన్ విఫలమైందనుకుని స్టెరాయిడ్ రాస్తారు. అదీ చాలలేదనుకుంటే వేల రూపాయల సూదులదాకా వెళ్తారు. కొన్ని రూపాయల బిళ్ల పేరు మొదటి రోజే చెప్పి ఉంటే, దాన్ని మానడమే వైద్యంలో మొదటి మెట్టు అయ్యేది.