మెట్ల మీద కప్ప గెంతులు

ఆరేళ్ల పిల్లను పియానో ముందు కూర్చోబెట్టి ‘ఇది సి, ఇది డి’ అని మొదలుపెడితే కాసేపటికే ఆవులింతలు వస్తాయి. ‘ఆ ఎడమ చివర ఏనుగు నిద్రపోతోంది, లేపు’ అంటే రెండు చేతులూ అటే పరుగెడతాయి. పిల్లల పియానో పుస్తకాల్లో తొలి పేజీల నిండా జంతువులు ఉండేది ఇందుకే. పూర్తి పియానోకు 88 మెట్లు. ఎడమ చివరి తీగ పొడవైనది, లావైనది, సెకనుకు 27.5 సార్లే కంపిస్తుంది. కుడికి జరిగేకొద్దీ తీగ పొట్టిదై స్వరం సన్నబడుతుంది. ఏనుగు ఎడమన, పిచ్చుక కుడిన అని తెలిసిన పిల్లకు మంద్రం, తారం తెలిసిపోయినట్టే.

అంతకన్నా విలువైనది వేళ్లకు దొరికే సాధన. కప్ప పాటనే తీసుకోండి. నల్లమెట్లు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. రెండు మెట్ల గుంపు మీద చూపుడువేలు, నడిమివేలు ఆనించి, వేడి పెనం తగిలినట్టు చటుక్కున తీసెయ్యాలి. తర్వాత మూడు మెట్ల గుంపును వదిలేసి ఆ పై జంట మీదికి గెంతాలి. స్టకాటో అన్న పేరు చెప్పకముందే అది వేళ్లకు వచ్చేస్తుంది. నత్త వంతు వచ్చినప్పుడు రెండో వేలు దిగేదాకా మొదటిది లేవకూడదు, అది లెగాటో. చిన్న చేతులు ఎక్కువ దూరం చాచలేవు కాబట్టి గెంతులు లేని పాటలను అయిదు వేళ్ల కింది అయిదు మెట్లలోనే సర్దుతారు. పక్కన టీచరు తోడు వాయిస్తే రెండు స్వరాల పాట కూడా నిండుగా వినిపిస్తుంది.

జంతువుల మీద పాటలు కట్టే పని మహామహులే చేశారు. బర్గ్‌ముల్లర్ 1851లో పిల్లల కోసం రాసిన 25 సాధన పాటల్లో వానకోయిల ఒకటి. ఒక చేయి రెండో చేతి మీదుగా దాటి వెళ్లడం ఆ పిట్ట నేర్పుతుంది. ప్రొకోఫియెవ్ 1935లో మిడతల చేత ఊరేగింపు చేయించాడు. బార్టాక్ 153 పాటల ‘మైక్రోకాస్మోస్’లో ఒక ఈగ సాలెగూటిలో చిక్కుకుంటుంది. సాన్‌సాన్స్ 1886లో ‘జంతువుల కార్నివాల్’ రాశాడు. తన గంభీరమైన పేరుకు మచ్చ అనుకున్నాడో ఏమో, హంస పాట తప్ప మిగతావి తాను బతికుండగా అచ్చు వేయనివ్వలేదు. 1922లో అచ్చయ్యాక ఆయన రచనల్లో దానికే అన్నిటికన్నా ఎక్కువమంది శ్రోతలు దొరికారు. అందులో తాబేలుకు ఇచ్చింది గబగబా సాగే ఒక నృత్యగీతాన్నే, ఈడ్చి ఈడ్చి. వేగం మారితే పాట ప్రాణమే మారుతుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

మరి మన సంగతి? స్వరానికీ జంతువుకూ ముడిపెట్టడం మనకు ఎప్పటినుంచో ఉంది. నారదీయ శిక్ష అనే పాత గ్రంథం షడ్జమానికి నెమలిని, ఋషభానికి ఆవును, గాంధారానికి మేకను, మధ్యమానికి క్రౌంచాన్ని, పంచమానికి కోయిలను, ధైవతానికి గుర్రాన్ని, నిషాదానికి ఏనుగును చెప్పింది. పదమూడో శతాబ్దంలో సంగీత శాస్త్రకారుడు శార్ఙ్గదేవుడు ధైవతాన్ని కప్పకు ఇచ్చాడు. తొలి రోజుల్లో సాధన చేయించే జంట వరుసలు, దాటు వరుసలు చూడండి. ఆ దాటులో కప్ప గెంతు లేదూ? ఇక గోదావరి ఒడ్డుకు వద్దాం. నరసాపురం రేవు దాటితే సఖినేటిపల్లి. ఆ వైపే మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన శంకరగుప్తం. ఇంత సంగీతం ఉన్న నేల మీద పిల్లలు కీబోర్డు పుస్తకం తెరిస్తే కనిపించేది కంగారూ, పెంగ్విన్, ధ్రువపు ఎలుగు. వాటి మీద నాకు కోపం లేదు. కానీ ఇక్కడి పిల్లల కళ్ల ముందున్నవి వేరు. కోతలైన చేలో గింజలేరుకునే బాతుల మంద ఉంది. పక్కపక్క మెట్లను ఒక్కసారే నొక్కితే ఆ గోల వస్తుంది. కాలువలోకి దిగే గేదె ఉంది. ఎడమచేతిలో ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ, చివర బరువుగా ఆగాలి. చేపల చెరువు గట్టున కొంగ ఉంది; ఒకే స్వరం పట్టుకుని కదలకుండా నిలబడి, హఠాత్తుగా ఒక్క పోటు. పిల్లలకు విరామం విలువ ఆ కొంగ నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు.

సముద్రం దగ్గరి ఊళ్లలో అసలు పియానోను కాపాడుకోవడం కష్టం. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, తేమకు చెక్క ఉబ్బుతుంది. అందుకే ఇళ్లలోనూ, చర్చిల్లోనూ కనిపించేది కీబోర్డే. 61 మెట్లున్నా చాలు. కొనేముందు ఒక్కటి అడగండి: వేలి ఒత్తిడిని బట్టి శబ్దం పెరిగి తగ్గుతుందా? ఆ సదుపాయం లేని దానిమీద ఏనుగూ చీమా ఒకే గొంతుతో అరుస్తాయి.

కీబోర్డు నేర్పే మాస్టార్లకు, పాటలు కట్టే తెలుగు స్వరకర్తలకు నా మనవి ఒకటే. ఈ వేసవి సెలవుల్లోపు బాతు మీద ఒకటి, గేదె మీద ఒకటి, కొంగ మీద ఒకటి రాయండి. అయిదు స్వరాలు దాటనివ్వకండి. రాసినవి పిల్లల చేత వాయించి చూసి, నచ్చితే అచ్చు వేయించండి.