యుద్ధప్రదర్శనలో సందర్శకుని స్థానం: భాగస్వామ్య ఇన్‌స్టలేషన్ దృష్టితో కుర్సుర జలాంతర్గామి

వ్యాససంగ్రహం: యుద్ధం వస్తువుగా గల ఇన్‌స్టలేషన్ కళలో సందర్శకుడు కేవలం ప్రేక్షకుడు కాడు. అతనిచేత చేయించే పనే కృతికి అర్థాన్నిస్తుంది. ఈ విషయాన్ని రెండు ప్రసిద్ధ కృతుల ద్వారా వివరించి, అదే దృష్టితో విశాఖపట్నంలోని కుర్సుర ప్రదర్శనశాలను సింగరేణి ప్రాంత అనుభవం నేపథ్యంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇన్‌స్టలేషన్ కళ, యుద్ధం, సందర్శకుడు, జలాంతర్గామి, బొగ్గుబాయి.

1. ఉపోద్ఘాతం:
చిత్రపటం ముందు నిలబడతాం. శిల్పం చుట్టూ తిరుగుతాం. ఇన్‌స్టలేషన్ కళలో కృతి లోపలికే ప్రవేశిస్తాం. వస్తువులు, వెలుతురు, శబ్దం, ఖాళీస్థలం కలిసి అక్కడ ఒకే కృతి అవుతాయి. సందర్శకుడు ఏదో ఒక పని చేస్తేనే పూర్తయ్యే కృతిని భాగస్వామ్య ఇన్‌స్టలేషన్ అనవచ్చు. వస్తువు యుద్ధమైనప్పుడు ఆ పని నైతికమైన ప్రశ్నగా మారుతుంది.

2. సందర్శకునికి అప్పగించిన పని:
1966లో లండన్‌లో యోకో ఓనో ప్రదర్శించిన చదరంగంలో గళ్లు, ఇరుపక్షాల పావులు అన్నీ తెలుపే. కొన్ని ఎత్తులు గడిచాక తన పావు ఏదో, ఎదుటివారి పావు ఏదో ఆటగాడు గుర్తుపట్టలేడు. శత్రువును వేరుచేసే రంగు లేకపోతే యుద్ధం సాగదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇరాక్‌లో జన్మించిన వఫా బిలాల్ సోదరుడు 2004లో అక్కడి అమెరికా దాడిలో మరణించాడు. 2007లో బిలాల్ షికాగోలోని ఒక గ్యాలరీ గదిలో నెలరోజులు నివసించాడు. రంగుగుళ్లు పేల్చే తుపాకిని అంతర్జాలం ద్వారా ఎవరైనా నడిపి అతనిపై కాల్చవచ్చు. 60,000కు పైగా గుళ్లు పేలాయి. అయితే కొందరు ఒకరి తరువాత ఒకరుగా అదే తుపాకిని అతనివైపు తిరగనీయకుండా పక్కకు తిప్పి ఉంచారు. కాల్చినవారూ కాపాడినవారూ వాడిన సాధనం ఒక్కటే. ఎంపిక మాత్రం వారిదే.

3. కుర్సుర:
1969లో భారత నౌకాదళంలో చేరిన కుర్సుర 1971 యుద్ధకాలంలో గస్తీ విధులు నిర్వహించి, 2001లో విరమించింది. 2002లో విశాఖ రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా తెరుచుకుంది. ఇది కళాకారుడు రూపొందించిన కృతి కాదు. అయినా సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ ఉక్కుగొట్టం ఇన్‌స్టలేషన్ లాగే పనిచేస్తుంది. గుండ్రని ద్వారాల గుండా వంగి నడవాలి. యంత్రాల నడుమ ఒదిగి సాగాలి. ఒకరిపై ఒకరికి అమర్చిన పడకలను చూడాలి. యుద్ధం ఇక్కడ వీరగాథగా కాక ఇరుకుగా శరీరానికి తెలుస్తుంది.

4. సింగరేణి పాఠకుని దృష్టి:
ఈ ఇరుకు గోదావరిఖని వారికి కొత్తది కాదు. బాయి దిగడమంటే బయటి నుంచి పంపే గాలిని నమ్ముకోవడం. షిఫ్టు ముగిశాక ల్యాంప్ రూమ్‌కు తిరిగి చేరని దీపం, పైకి రాని మనిషిని గుర్తుచేస్తుంది. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్.ఈ.పి. గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. ఈ జ్ఞాపకంతో కుర్సురలో అడుగుపెట్టినవారికి ఒక ప్రశ్న తప్పదు: పైకి రానివారి మాటేమిటి?

ఆ ప్రశ్నకు జవాబు సమీపంలోనే ఉంది. 1971 డిసెంబర్ 3-4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి చేరువలోనే మునిగింది. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బతకలేదు. కారణం భారత నౌక రాజ్‌పుత్ దాడియని భారత్, లోపలి పేలుడని పాకిస్తాన్ చెబుతున్నాయి. కారణం ఏదైనా, మృతుల సంఖ్య మారదు.

5. ముగింపు:
సాధారణంగా తిరిగివచ్చిన ఓడే ప్రదర్శనశాల అవుతుంది. మునిగి సముద్రగర్భంలోనే ఉండిపోయిన ఓడలోకి సందర్శకుడు సాధారణంగా వెళ్లలేడు. యుద్ధప్రదర్శనలకు సహజంగా ఉన్న పరిమితి ఇదే. ఓనో శత్రువు రంగును తొలగించింది. బిలాల్ తుపాకిని మన చేతికిచ్చాడు. కుర్సుర మనకు ఎంపిక ఏదీ ఇవ్వదు. ఒక చివర ఎక్కి మరొక చివర దిగుతాం. కాబట్టి అక్కడ సందర్శకుడు తన పనిని తానే నిర్ణయించుకోవాలి. దిగిన తరువాత సముద్రం వైపు చూసి, తిరిగిరాని దీపాలను రెండు పక్షాలవీ కలిపి లెక్కపెట్టడమే ఆ పని. బొగ్గుబాయి ప్రాంతంవారికి ఆ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.