వారసత్వం వీడిన కొలువు

జంషెడ్‌పూర్‌లో ఒకప్పుడు యువకుని భవిష్యత్తును గురించి ఇంట్లో పెద్దగా చర్చ జరిగేది కాదు. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేస్తుంటే, కొడుకు పేరు కూడ ఏదో ఒకనాడు ఆ హాజరుపట్టీలోకి ఎక్కుతుందని అందరి నమ్మకం. ఉద్యోగుల సంతానానికి నియామకాల్లో ప్రాధాన్యమిచ్చే ఆనవాయితీయే అందుకు ఆధారం. ఉత్తరాంధ్ర నుండి బ్రతుకుతెరువుకై వలసవచ్చి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని స్థిరపడిన తెలుగువారికీ ఈ ధీమా తెలిసినదే.

1990 దశకంలో ఆ ధీమా సడలిపోయింది. దశకారంభంలో 70,000కు పైబడిన టాటా ఉక్కు సంస్థ సిబ్బంది, సుమారు పదిహేనేళ్లలో దాదాపు సగానికి తగ్గారు. ఉత్పత్తి మాత్రం తగ్గలేదు సరికదా, పెరిగింది! కొత్త యంత్రాలకు కావలసినవి తక్కువ చేతులు, ఎక్కువ నేర్పు.

నేర్పును ముందుగా సంపాదించుకొనే మార్గం ఈ పట్టణానికి కొత్తది కాదు. విదేశీ నిపుణుల స్థానంలో భారతీయులను నిలబెట్టే ఉద్దేశంతో 1921లోనే ఇక్కడ సాంకేతిక శిక్షణాలయం వెలసింది. షావక్ నానావతి పేరుతో అది నేటికీ నడుస్తున్నది. యాజమాన్య విద్యకు పేరుపొందిన జేవియర్ సంస్థ 1949లోను, నేటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ 1960లోను ఆరంభమయ్యాయి. అయితే వీటిలో సీటు దొరికేది కొందరికే. సాధారణ కళాశాలలో బి.ఏ., బి.కాం. చదివేవారి మాటేమిటి?

వారిలో చాలామందికి తెలియని అవకాశం ఒకటున్నది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం తొలుత కార్మిక వృత్తులకే పరిమితం. 1973 సవరణతో అది ఇంజనీరింగ్ పట్టభద్రులకు, డిప్లొమా పొందినవారికి వర్తించింది. 2014 సవరణతో ఇతర పట్టభద్రులకూ ద్వారం తెరుచుకున్నది. పట్టభద్రుడు సాధారణంగా ఏడాదిపాటు ఒక సంస్థలో పని నేర్చుకుంటూ భృతి పొందుతాడు. చివర ధ్రువపత్రం లభిస్తుంది. శిక్షణానంతరం ఉద్యోగమిచ్చి తీరాలన్న నిర్బంధం యజమానికి లేదు. ఈ సంగతి ముందే గ్రహించడం మంచిది. లేనిచో ఏడాది చివర నిరాశ తప్పదు. కాని సరకు లెక్క సరిచూచిన అనుభవమో, జీతాల పట్టీ తయారుచేసిన అనుభవమో ఉన్నవానికి ఇంటర్వ్యూలో చెప్పుకొనడానికి మాట ఉంటుంది. మార్కుల జాబితా ఒక్కటే చేతబట్టుకుని వెళ్లినవానికి ఆ సౌలభ్యం లేదు.

ఖర్కాయ్ నది దాటితే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ. మోటారు వాహనాలకు విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలు అక్కడ అనేకం. పెద్ద సంస్థ గేటువైపే చూచే విద్యార్థులు వీటిని చిన్నచూపు చూడడం విచారకరం. చిన్న కార్ఖానాలో ఒకే మనిషి కొనుగోలు, నిల్వ, బిల్లు మూడూ చూడవలసి రావచ్చు. పెద్ద సంస్థలో ఒక్కొక్క బల్లకు ఒక్కొక్క పని.

చివరి సంవత్సరం పరీక్షల తరువాత ఈ ఆలోచన మొదలుపెట్టేవారే ఎక్కువ. రెండవ ఏడాది వేసవి సెలవులలోనే నాలుగైదు సంస్థలకు వెళ్లి, ఏ పనికి మనుషులు దొరకడం లేదో అడిగి తెలుసుకున్న విద్యార్థికి, ఆ పని నేర్చుకొనడానికి ఇంకా ఏడాది వ్యవధి ఉంటుంది.