ఇంటి తొట్టిలో చేపపిల్లలు

రంగుచేపలను గాజుతొట్టిలో ఉంచి చూచుకొనుట నేడు పట్టణవాసుల వేడుక మాత్రమే కాదు. నెల్లూరు, కావలి అంగళ్ళనుండి పిల్లలు సంచిలో నీటితో కూడ చేపలను కొని పల్లెలకు తెచ్చుచున్నారు. చెన్నపట్టణమున కొళత్తూరు ప్రాంతములో ఎన్నో కుటుంబములు ఇంటి పెరటిలోను, మేడమీదను సిమెంటు తొట్లు కట్టి, ఈ చేపలను పెంచి, దేశమంతటికి పంపి జీవించుచున్నవి. చేపలయందలి ఆసక్తి మన పూర్వులకును ఉన్నదే. పండ్రెండవ శతాబ్దిలో చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున మత్స్యవినోదమునకు ఒక ప్రకరణమునే కేటాయించి, చేపల జాతులను, వాని మేతలను వివరించెను.

నేను నేడు రెండు విషయములు మనవి చేసెదను. చేప ఇంటిలో సంతానము పొందుటకు ఏమి కావలెనో మొదటిది. ఆ సంతానము ఎక్కువైనప్పుడు ఏమి చేయవలెనో రెండవది. మొదటిది పిల్లల వేడుక. రెండవది ఊరిపెద్దల బాధ్యత.

చేపను పెంచుట యనగా ముందు నీటిని పెంచుటయే. కొత్త తొట్టిలో విడిచిన చేపలు వారము తిరుగకముందే చచ్చుట పలువురు ఎరిగినదే. దిష్టి తగిలినదని కొందరందురు. కారణము వేరు. చేప విసర్జించిన మలినము, తినక మిగిలిన మేత క్రుళ్ళి అమోనియా యను విషమగును. ఇసుకను, గులకరాళ్ళను అంటియుండు సూక్ష్మజీవులు ఆ విషమును మొదట నైట్రైటుగను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. ఈ జీవులు చాలినంతగా వృద్ధిపొందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. కావున మొదట ఒకటి రెండు చేపలనే విడిచి, మేత కొద్దిగా వేసి, నెల దాటిన పిదప సంఖ్యను పెంచవలెను. వారమునకొకమారు నాలుగవ వంతు నీటిని మాత్రమే తీసి కొత్తనీరు పోయవలెను. తొట్టిని పూర్తిగా ఖాళీచేసి, గులకరాళ్ళను తోమి ఎండవేయుట శుభ్రత యనుకొందురు గాని, అది పెరుగుకుండను తోమి, తోడు లేకుండ పాలు పోసి, తెల్లవారునప్పటికి పెరుగు కావలెననుట వంటిది. కుళాయినీటిలో క్లోరిను కలుపుదురు. అది చేపకును, ఈ సూక్ష్మజీవులకును చెరుపు. ఆ నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము నిలువయుంచి వాడుట మేలు.

మన తీరమున మరియొక విశేషము కలదు. సముద్రము చెంతనున్న ఊళ్ళలో బావినీరు పెక్కుచోట్ల ఉప్పన. మరికొన్ని చోట్ల రుచికి బాగుగనే యున్నను, ఆ నీట పప్పు ఉడకదు, సబ్బు నురుగు కట్టదు. సున్నపు అంశము ఎక్కువగా నున్న ఇట్టి నీటిని కఠినజలమందురు. దక్షిణ అమెరికా అడవి వాగుల మెత్తని నీట పుట్టిన టెట్రా జాతి చేపలు ఇందు బ్రతికినను, వాని గ్రుడ్లు పిల్లలగుట దుర్లభము. గప్పీ, మోలీ యను జాతులకు మాత్రము ఇట్టి నీరే హితము. మోలీ కొంత ఉప్పదనమును గూడ ఓర్చును. కావున అంగడిలో రంగును జూచి కాక, ఇంటి బావినీటిని జూచి చేపను ఎన్నుకొనవలెను. ఈ ఒక్క మాట పాటించినవారికి సగము పని తీరినట్లే.

ఇక సంతానము మాట. చేప అండజమని మనవారి విభాగము. గప్పీ పిల్లలనే కనునని విన్నవారు, అట్లయిన శాస్త్రము తప్పినదా యని నన్ను అడుగుచుందురు. తప్పలేదు. దాని గ్రుడ్లు తల్లికడుపులోనే పక్వమై పిల్లలై వెలువడును. కావున అదియు అండజమే. ఇంచుమించు నెలకొక కాన్పు. ఒక్కొక్క కాన్పునకు ఇరువది మొదలు ఏబది పిల్లలు సామాన్యము. సన్నని దేహము, రంగుల తోక గలది మగది. పెద్దదై, రంగు తక్కువైనది ఆడది. ఒకమారు మగదానితో కలిసిన ఆడది ఆ బీజమును కడుపున దాచుకొని, మగది లేకున్నను కొన్ని నెలలవరకు కాన్పులు కాంచును. అయితే తల్లికి తన పిల్లలును మేతయే. తొట్టిలో నాచు దట్టముగా నుంచినచో, పైన అంతరతామర తేలవేసినచో, పిల్లలు ఆ వేళ్ళనడుమ దాగి బ్రతుకును.

రెండవ తెగ గ్రుడ్లను విడజల్లి పోవునది. వెండివంటి మేనిపై నీలిచారలు గల జీబ్రా చేప ఇట్టిది. ఇది పరదేశి కాదు. మన దేశపు వాగులదే. స్కాట్లండు వైద్యుడగు హామిల్టన్ గంగాప్రాంతపు చేపలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. నేడు లోకమందలి ప్రయోగశాలలలో దీనిపై ఎన్నో పరిశోధనలు జరుగుచున్నవి. వారముదినములు మంచి మేత పెట్టి, ఒక ఆడదానిని, రెండు మగవానిని సాయంకాలమున వేరు పాత్రలోనికి మార్చవలెను. పాత్ర అడుగున పిల్లలాడు గోళీలు రెండు వరుసలు పరచి, పైన జానెడు నీరు పోయవలెను. తెల్లవారి వెలుగు సోకగనే అవి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు గోళీల సందులలోనికి జారి, తల్లిదండ్రుల నోటినుండి తప్పించుకొనును. వెంటనే పెద్దచేపలను తీసివేసిన, రెండు మూడు దినములలో పిల్లలు వెలువడును.

మూడవ తెగ గూడుకట్టునది. సయాము దేశమునుండి వచ్చిన పోరుచేప ఇట్టిది. మగది నోటితో గాలిబుడగలను కూర్చి నీటిమీద నురుగుగూడు కట్టి, ఆడది విడిచిన గ్రుడ్లను నోట కరచి తెచ్చి అందు ఉంచి, పిల్లలు ఈదువరకు కావలి కాయును. ఆ సమయమున ఆడదానిని వేరుచేయనిచో దానిని గాయపరచును. ఇంతటి వింతకు సయాము పోనక్కరలేదు. మన దక్షిణతీరపు గుంటలలో, కాలువలలో ఇట్లే గూడుకట్టు చిన్నచేప ఒకటి కలదు. పుదుచ్చేరి చెంతనున్న అరియాంకుప్పము నదినుండి లభించినదానిని బట్టి, ఫ్రాన్సుదేశపు పండితుడు క్యువియే 1831లో దానిని శాస్త్రలోకమునకు ఎరుకపరచెను. మన పిల్లలకు మాత్రము ఇంకను ఎరుకపడలేదు.

పిల్లల మేత కష్టమైన పని కాదు. ఎండుగడ్డిని నీట నానవేసి నాలుగైదు దినములుంచిన, ఆ నీట కంటికి కనబడని జీవులు పుట్టును. గ్రుడ్డునుండి వెలువడిన సన్నని పిల్లలకు అది తొలి మేత. గప్పీ పిల్లలు కొంత పెద్దవి గనుక, ఉడికించిన కోడిగ్రుడ్డు పచ్చసొనను గుడ్డలో వడియగట్టి రవంత వేసిన చాలును. ఎక్కువ వేసిన మిగిలినది క్రుళ్ళి, ముందు చెప్పిన విషమే పుట్టును.

ఇప్పుడు రెండవ విషయము. రెండు గప్పీలు ఏడాది తిరుగునప్పటికి వందలగును. తొట్టి చాలదు. అప్పుడు దయగలవారే ఒక చెడ్డ పని చేయుదురు: చెరువులో విడిచిపెట్టుదురు. మత్స్యావతారకథలో సత్యవ్రతుని దోసిటిలో పడిన చేప కమండలమున చాలక, సరస్సున చాలక, తుదకు సముద్రము చేరెను. అది భగవంతుడు గనుక లోకమును గాచెను. అంగడిచేప అట్టిది కాదు.

తొట్టిలోని పాచిని నాకి శుభ్రముచేయునని అమ్ము సక్కరు చేపను చూడుడు. కొన్నప్పుడు అది రెండంగుళములు. పిదప అడుగు దాటి పెరుగును. దానిది దక్షిణ అమెరికా. మన జాలరులు దానికి దెయ్యపుచేప యని పేరిడిరి. దాని మేను ఎముకపలకల కవచము. ముళ్ళు వలలను చించును. కొనువారు లేరు. నీటిబయట గంటలకొలది బ్రతుకును. అన్నిటికంటె ముఖ్యము, గ్రుడ్లు పెట్టుటకు అది గట్టులలో బొరియలు త్రవ్వును. చెరువుకట్టకు బొరియ యనగా నేమో మీకు నేను చెప్పవలసిన పనిలేదు. ఈ చేప తూర్పుకనుమల జలాశయములలో వ్యాపించిన తీరును హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిరి.

ఇది ఒక్కటియే కాదు. 1952లో ఆహారమునకై దేశమునకు తెచ్చిన తిలాపియా, మనవారు జిలేబీచేప యనునది, నేడు పెక్కు గుంటలలో పరిగెలను, ఇతర చిన్నచేపలను వెనుకకు నెట్టినది. దోమలను తినుటకై 1928లో ఇటలీనుండి తెచ్చిన గాంబూసియా, కప్పగ్రుడ్లను, ఇతర చేపల పిల్లలను గూడ తినును. తెగులు మాట చెప్పనక్కరలేదు. 1994-95లో మన తీరమున తెల్లమచ్చల తెగులు ఒక రొయ్యలగుంట నీరు కాలువలో పడి మరియొక గుంటలోనికి పోవుటచే ఎంత వేగముగా ప్రాకెనో మీలో పెక్కురు కన్నులార చూచినారు.

కావున ఊరిపెద్దలకు నా మనవి. బడిలోను, దేవళముకడను పిల్లలకు ఈ మాట చెప్పించుడు: తొట్టిలోని చేప తొట్టిలోనే యుండవలెను. ఎక్కువైన చేపలను పెంచువారికి ఈయవచ్చును, అమ్మినవానికే తిరిగి ఈయవచ్చును. లేదా మగవానిని, ఆడవానిని మొదటినుండియే వేరుగా నుంచవచ్చును. చచ్చినదానిని మొక్కమొదట పాతిపెట్టవలెను. తీసివేసిన నీటిని కాలువలో పోయక కొబ్బరిమొక్కకు పోసిన, అందలి నైట్రేటు దానికి ఎరువగును. దోమలకై చేపలు కావలెనన్నచో, తలపై వెండిచుక్కతో నీటిపైననే తిరుగు మన కాలువచేపను తెచ్చి నీటితొట్లలో విడువుడు. అది దోమపురుగులను ఏరి తినును.

పిల్లవాడు తొట్టిముందు కూర్చుండి, గ్రుడ్డు పిల్లయగుట కన్నులార చూచిన, పుస్తకమున నెల దినములు చదివినదానికంటె ఎక్కువ నేర్చుకొనును. ఆ వేడుకను వారికి ఉంచుడు. చెరువును మాత్రము మీరు కాపాడుడు.