బందెలదొడ్డి నేర్పే పాఠం

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెద్దవారిని అడిగితే, వారి చిన్నతనంలో బందెలదొడ్డి ఎక్కడ ఉండేదో చెబుతారు. పత్తి చేలోనో మిరప తోటలోనో పశువు పడి మేస్తే, దాన్ని తోలుకొచ్చి ఆ దొడ్డిలో పెట్టడం పద్ధతి. దొడ్డి కాపలాదారు మేత వేసి నీళ్లు పెట్టాలి. యజమాని జరిమానాతో పాటు మేత ఖర్చు కూడా చెల్లించి విడిపించుకోవాలి. 1871లో వచ్చిన చట్టం ప్రకారం, ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే చాటింపు వేయించి, ఆ తర్వాతే వేలం వేయాలి. పంట నష్టపోయిన రైతుకూ, పశువు తప్పిపోయిన ఆసామికీ, నోరులేని జీవానికీ ముగ్గురికీ న్యాయం జరగాలని చేసిన ఏర్పాటు అది.

ఈ ఏర్పాటు దేవుని ప్రజలకు కొత్త కాదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం మొదటి వచనాలు చదవండి. తప్పిపోయిన ఎద్దునో గొర్రెనో చూసి చూడనట్లు వెళ్లిపోకూడదు. యజమాని ఎవరో తెలియకపోతే ఇంటికి తోలుకుపోయి, అతడు వెదుక్కుంటూ వచ్చేదాకా కాపాడాలి. నిర్గమకాండము 23వ అధ్యాయమైతే, ఆ పశువు పగవానిదైనా సరే తిరిగి అప్పగించమంటుంది.

అయితే నేడు మన వీధుల్లో ఉన్న ప్రశ్న వేరు. వీధి కుక్కకు యజమాని ఎవరు? 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు దానిని సమాజపు జంతువు అంటున్నాయి. అంటే ఆ వీధివారందరికీ దాని విషయంలో బాధ్యత ఉంది.

జంతు సంరక్షణ కేంద్రం అంటే కుక్కలన్నిటినీ శాశ్వతంగా బంధించి ఉంచే చోటని చాలామంది అనుకుంటారు. హైదరాబాదులో 1992లో మొదలైన బ్లూక్రాస్ అయినా, 1996లో మొదలైన విశాఖ ఎస్‌పీసీఏ అయినా నేర్పింది వేరు. కుక్కను పట్టిన చోటు రాసుకుంటారు. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి అంచు కొంచెం కత్తిరిస్తారు. గాయం మానాక, పట్టిన వీధిలోనే వదులుతారు. ఎందుకు? ఒక వీధిని ఖాళీ చేస్తే తిండి కోసం పక్క వీధి కుక్కలు, టీకా లేనివి, వచ్చి చేరతాయి. ఉన్న కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందితేనే రేబిస్ వ్యాప్తి ఆగుతుంది.

కాబట్టి కేంద్రం పని సగమే. మిగతా సగం వీధిది. వలతో మనుషులు వచ్చినప్పుడు ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో చూపించాల్సింది మనమే. టీకా వేసి తెచ్చిన కుక్కను మళ్లీ వీధిలోకి రానివ్వాల్సింది మనమే. విషం పెట్టి చంపితే, అప్పటిదాకా చేసిన పనీ, ఖర్చూ అన్నీ పోతాయి. అది నేరం కూడా.

భయపడే తల్లిదండ్రుల మాట కూడా వినాలి. బడికి నడిచి వెళ్లే బిడ్డను కుక్క తరిమితే, ఆ తల్లికి దయ గురించి ఉపన్యాసం చెప్పడం సరికాదు. రేబిస్ సోకిన, లేదా మీదపడి కరిచే స్వభావమున్న కుక్కలను తిరిగి వదలకూడదని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడ వదలకూడదని ఆదేశించింది. మన మిషను స్కూళ్లకు, ఆసుపత్రులకు ఇది వర్తిస్తుంది. ప్రహరీలో పడిన కంతలు పూడ్చుకోవడం మన పనే.

ఇంకొక మాట. మనది మిరప పండే సీమ. కుక్క కరిస్తే గాయానికి కారం అద్దే అలవాటు ఇంకా పోలేదు. అది ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, చెప్పిన రోజుల్లో అన్ని డోసులూ వేయించుకోవాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. ప్రార్థన చేద్దాం, టీకా కూడా వేయిద్దాం.

సంఘాలు చేయగలిగినవి చిన్న పనులే. ప్రేమవిందు అయ్యాక విస్తళ్లను గేటు బయట పారబోయకండి. కుక్కల గుంపులు చేరేది అక్కడే. తిండి పెట్టాలనుకునేవారు పిల్లలు ఆడే చోటికి, గుమ్మాలకు దూరంగా పెట్టండి. జులై 6న పశువైద్యశాలల్లో జరిగే ఉచిత టీకా శిబిరాల సంగతి ముందు ఆదివారమే ప్రకటనల్లో చదవండి. యవ్వనస్థులు తమ వీధిలో చెవి గుర్తు లేని కుక్కలను లెక్కపెట్టి పంచాయతీకో మునిసిపాలిటీకో రాసి ఇవ్వవచ్చు. గాయపడిన పశువు కనబడితే 1962కు ఫోన్ చేయండి. 2022 నుంచి మన రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు తిరుగుతున్నాయి.

నీనెవెను దేవుడు కనికరించినప్పుడు అక్కడి పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడని యోనా గ్రంథం చివరి వచనం చెబుతుంది. మన ఊరిని ఆయన చూసేటప్పుడు కూడా, బడికి వెళ్లే బిడ్డనూ, గేటు దగ్గర పడుకున్న ఆ మూగజీవాన్నీ కలిపే చూస్తాడు. మనమూ అలాగే చూచుటకు ప్రభువు సహాయము చేయును గాక.