ఇంటికప్పు కింది వేడి: గాలి మోయగలిగినదెంత?

ఏప్రిల్, మే నెలల్లో మబ్బు లేని మధ్యాహ్నం కప్పులోని ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 1000 వాట్ల సౌరశక్తి పడుతుంది. ఇది ఒక ఇస్త్రీపెట్టె వాడుకునే విద్యుత్తుతో సమానం గనుక, పది చదరపు మీటర్ల చిన్న గది పైన కూడా పది ఇస్త్రీపెట్టెలు ఏకధాటిగా పనిచేస్తున్నట్టే లెక్క. ఆ వేళ గోడలకు ఇంత తాకిడి ఉండదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు సుమారు 13 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉండటం వల్ల, ఆ రోజుల్లో సూర్యుడు మిట్టమధ్యాహ్నం దాదాపు నడినెత్తికి వస్తాడు. కిరణాలు గోడలను రాసుకుంటూ పోయి, కప్పును మాత్రం నిటారుగా తాకుతాయి. అందువల్ల ఇంట్లోని వేడికి మూలం వెతికేవారు ముందుగా చూడవలసింది కప్పును, కప్పుకూ గదికీ మధ్య ఖాళీ ఉంటే ఆ ఖాళీని. వంటగదిలో సామాన్లు పెట్టుకునే సిమెంటు అరను కూడా అటక అనడం వాడుకలో ఉన్నా, ఈ వ్యాసంలో అటక అంటే వాలు కప్పుకూ, దాని కింద చెక్కతోనో మట్టితోనో పలకలతోనో వేసిన లోకప్పుకూ నడుమ మిగిలే ఖాళీ అని గ్రహించాలి.

అటకలో వేడి గాలి పోగుపడుతుంది కాబట్టి దానికి దారి చూపిస్తే గది చల్లబడుతుందన్నది సాధారణంగా వినిపించే అభిప్రాయం. ఇందులో నిజం ఉంది గాని, అది సగం నిజమే. వేడి ఒక చోటు నుంచి మరో చోటికి మూడు విధాలుగా చేరుతుంది: ఘనపదార్థం గుండా అణువు నుంచి అణువుకు సాగేది వహనం, కదిలే గాలితోనో నీటితోనో పాటు పోయేది సంవహనం, ఏ మాధ్యమం అవసరమూ లేకుండా కిరణాల రూపంలో ప్రసరించేది వికిరణం. ఎండకు కాగిన రేకు గుండా వేడి పై ముఖం నుంచి కింది ముఖానికి వహనం ద్వారా క్షణాల్లో దిగుతుంది. అయితే అక్కడి నుంచి లోకప్పు దాకా దాన్ని మోసుకువచ్చేది గాలి కాదు. వేడెక్కిన గాలి తేలికపడి పైకే పోతుంది గనుక అది రేకును అంటిపెట్టుకుని కప్పు లోపలి కొప్పు భాగంలోనే నిలిచిపోతుంది. కిందికి దిగే వేడిలో అధికభాగం పరారుణ కిరణాలదే, వాటికి నడుమనున్న గాలి దాదాపు పారదర్శకమే.

స్టీఫాన్–బోల్ట్‌జ్‌మన్ నియమం ప్రకారం ఒక ఉపరితలం వెదజల్లే వికిరణం దాని పరమ ఉష్ణోగ్రత, అంటే కెల్విన్లలో కొలిచిన ఉష్ణోగ్రత, నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దీన్ని అటకకు అన్వయిస్తే, రేకు కింది ముఖం 65 డిగ్రీల సెల్సియస్ వద్ద, లోకప్పు పై ముఖం 45 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు ప్రతి చదరపు మీటరుకూ నికరంగా దాదాపు 130 వాట్లు వికిరణ రూపంలో కిందికి చేరుతున్నట్టు తేలుతుంది. అదే ఉష్ణోగ్రతల వద్ద రేకు కింది ముఖానికి మెరిసే అల్యూమినియం పొర అంటిస్తే ఈ సంఖ్య 8 వాట్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. సిమెంటు, మట్టి, చెక్క, రంగు వంటి సాధారణ ఉపరితలాలు తమ ఉష్ణోగ్రతకు వెదజల్లగలిగిన వికిరణంలో నూటికి తొంభై వంతుల దాకా వెదజల్లుతుండగా, శుభ్రమైన అల్యూమినియం అయిదు వంతులకు మించి వెదజల్లకపోవడమే ఇందుకు కారణం. అటక గోడకు ఎన్ని రంధ్రాలు పెట్టినా ఇంత తేడా రాదు.

ఎండ తగలని గదిలో, ఫ్యాను కింద కూర్చున్నవారికి కూడా నడినెత్తి మీద సెగ తెలుస్తూనే ఉండటానికి కారణం ఈ వికిరణమే. గోడకు తగిలించిన థర్మామీటరు ప్రధానంగా గాలి ఉష్ణోగ్రతను చూపుతుంది. శరీరం మాత్రం చుట్టూ ఉన్న ఉపరితలాల నుంచి వచ్చే వికిరణాన్ని కూడా దాదాపు అంతే తూకంతో లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక గాలి చేయగలిగిన పని ఎంతో చూడాలి. అటకలో గాలి కదలడానికి రెండు బలాలున్నాయి. మొదటిది వేడి గాలి తేలికదనం వల్ల పుట్టేది: చూరు దగ్గరి ద్వారానికీ, పైన కొప్పు దగ్గరి ద్వారానికీ ఎత్తులో 2 మీటర్ల తేడా ఉండి, అటక గాలి బయటి గాలికన్నా 10 డిగ్రీలు వేడిగా ఉంటే, ఏర్పడే పీడన భేదం ఒక పాస్కల్‌కు కూడా చేరదు. రెండోది బయట వీచే గాలి వల్ల పుట్టేది: సెకనుకు 3 మీటర్ల వేగంతో వీచే మామూలు గాలి గోడ మీద 5 పాస్కల్‌ల పీడనం కలిగిస్తుంది. అంటే చిన్నపాటి గాలి వీచినా అది వేడి వల్ల కలిగే చలనాన్ని మించిపోతుంది గనుక, ద్వారాలను ఎత్తుపల్లాలు చూసి పెట్టడంతో పాటు ఆ ఊరి వేసవి గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చూసి పెట్టడం అవసరం. గాలి లేని రోజున మాత్రం ఎత్తు తేడాయే దిక్కు.

50 చదరపు మీటర్ల కప్పు నుంచి అటక గాలికి 3 కిలోవాట్ల వేడి చేరుతున్నదని అనుకుని, ఆ గాలి బయటి గాలికన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే సెకనుకు పావు ఘనపు మీటరు గాలి మారాలి. గాలి వీచని వేళ, పైన చెప్పిన స్వల్ప పీడనంతోనే ఇది జరగాలంటే చూరు వద్ద అర చదరపు మీటరుకు పైగా, కొప్పు వద్ద మరో అర చదరపు మీటరుకు పైగా తెరిచిన చోటు కావాలి. త్రికోణపు పక్కగోడలో రెండు సిమెంటు జాలీలు బిగించి అటకకు గాలి ఆడుతున్నదని సరిపెట్టుకునే ఇళ్లలో ఇందులో నాలుగో వంతు కూడా ఉండదు. లోపలికి వచ్చే దారి లేకుండా పైన మాత్రమే రంధ్రం పెట్టడం మరింత నిరర్థకం. ఫ్యాక్టరీ కప్పుల మీద గిర్రున తిరిగే టర్బో వెంటిలేటర్లను ఇళ్లకు తెచ్చి బిగించేవారు చూరు కింద దారి తెరవడం మరిచిపోతే, అవి తిరుగుతూ కనిపించడమే తప్ప చేసే పని అంతగా ఉండదు.

ద్వారాల విస్తీర్ణానికి ప్రపంచంలో ఎక్కువగా చలామణీలో ఉన్న కొలత అమెరికాది: అటక నేల విస్తీర్ణంలో 150వ వంతు, కొన్ని షరతులతో 300వ వంతు. 50 చదరపు మీటర్ల అటకకు 150వ వంతు చొప్పున లెక్కగడితే మొత్తం మూడోవంతు చదరపు మీటరు వస్తుంది; పైన వచ్చిన లెక్కలో ఇది మూడోవంతుకు మించదు. ఈ వ్యత్యాసానికి కారణం ఆ కొలత పుట్టుకలోనే ఉంది. పరిశోధకుడు ఫ్రాంక్ రౌలీ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధించింది ఎండ గురించి కాదు, గడ్డకట్టే చలిలో ఇంట్లోని తేమ పైకి చేరి కప్పు చెక్కల మీద నీరుగా పేరుకోవడం గురించి. ఇటువంటి పరిశోధనల నేపథ్యంలోనే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ 1942లో 300వ వంతు నియమాన్ని తన గృహ ప్రమాణాల్లో చేర్చింది. చలిదేశపు తేమకు విధించిన మందు తరువాతి దశాబ్దాల్లో టెక్సాస్, ఫ్లోరిడాల ఎండకు కూడా వర్తించింది. డాలస్, హ్యూస్టన్ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో అనేకం ఇటువంటి అటకల కిందివే. అక్కడ ఏసీ గొట్టాలు కూడా ఆ వేడి అటకలోనే సాగుతాయి. ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్ జరిపిన కొలతల్లో నల్లని తారు పలకల స్థానంలో తెల్లని కప్పు వేయడం వల్ల కలిగిన మేలు, అటకకు అదనపు ద్వారాలు పెట్టడం వల్ల కలిగినదానికన్నా బాగా ఎక్కువని తేలింది. కరెంటుతో నడిచే అటక ఫ్యాన్ల విషయం మరీ విచిత్రం: బయటి గాలికి తగినంత దారి లేని చోట అవి లోకప్పులోని సందుల గుండా గదిలోని ఏసీ గాలినే పైకి లాగి బయటికి తోసేస్తాయి.

తెలుగునాట పెంకుటిళ్ల చల్లదనాన్ని వాటి గవాక్షాలకూ ఎత్తయిన కప్పులకూ ఆపాదించడం పరిపాటి. అసలు కారణాలు మరికొన్ని ఉన్నాయి. గూనపెంకుల వరుసల మధ్యనూ, ఒకదానిపై మరొకటి ఎక్కిన చోట్లా మిగిలే సన్నని సందులన్నీ కలిపితే కప్పంతా ఒక పెద్ద జాలీ అవుతుంది. వేడెక్కిన గాలి కొప్పు దాకా ప్రయాణించే పని లేకుండా ఎక్కడికక్కడే బయటపడుతుంది. జార్జ్ ప్లెబ్‌స్ట్ 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ తరఫున నెలకొల్పిన కర్మాగారంతో మొదలై, తెలుగు జిల్లాలకు బెంగుళూరు పెంకు అనే పేరుతో వ్యాపించిన యంత్రపు పెంకు గాడులతో ఒకదానిలో ఒకటి ఇమిడిపోతుంది గనుక దాని సందులు తక్కువ. అయినా రేకుతో పోలిస్తే గాలి చాలినంత ఆడుతుంది. వికిరణం విషయంలో పెంకుకు ప్రత్యేకమైన గొప్పతనం లేదు, కాలిన పెంకు కూడా సెగ కక్కుతుంది. దాన్ని అడ్డుకునేది వాసాల కింద చెక్కలు పరిచి, వాటిపై మట్టి మెత్తిన అటక. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో ఈ రెండూ, అంటే ఊపిరాడే పైకప్పూ సెగను ఆపే బరువైన లోకప్పూ, కలిసి పనిచేశాయి. ఏ ఒక్కటి తీసేసినా లెక్క మారిపోతుంది. ఎలుకలకూ దుమ్ముకూ విసిగి సందులను సిమెంటుతో పూడ్చినవారు, లేదా కోతుల బెడద పడలేక పెంకు దింపించి రేకులు వేయించినవారు తొలి వేసవిలోనే గ్రహించేది ఇదే.

లోకప్పు లేని రేకుల ఇంట్లో గదే అటక. అక్కడ గోడ పైభాగంలో ఎన్ని ద్వారాలు పెట్టినా, బయటి గాలి 42 డిగ్రీలుంటే లోపలి గాలి అంతకన్నా చల్లబడదు, పైనుంచి దిగే సెగ తగ్గదు. కాబట్టి క్రమం మారాలి: ఎండను ముందు పైనే తిప్పికొట్టాలి, తిప్పికొట్టగా లోపలికి దిగినదాన్ని మెరిసే పొరతోనో లోకప్పుతోనో ఆపాలి, అటుపైన మిగిలినదాన్ని గాలికి అప్పగించాలి. పాతబడిన సిమెంటు రేకు తన మీద పడిన ఎండలో ఎక్కువభాగాన్ని పీల్చుకుంటుంది. కొత్తగా వేసిన తెల్లసున్నమో కూల్‌రూఫ్ రంగో నూటికి 70 వంతులకు పైగా తిప్పికొడుతుంది, దుమ్ము పట్టేకొద్దీ ఈ గుణం తగ్గుతుంది. హైదరాబాదులో 2017లో పాతిక పేద ఇళ్ల కప్పులపై తెల్లని పొర పరిచి చూసినప్పుడు లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీల మేర తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్‌రూఫ్ విధానం ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని నివాసాలకు దీన్ని తప్పనిసరి చేసి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికంగా వదిలింది. పైనుంచి దిగే సెగను అందరికన్నా ఎక్కువగా భరించేది ఆ చిన్న ఇళ్ల రేకుల కింద ఉండేవారేనన్న సంగతిని దృష్టిలో పెట్టుకుంటే, ఈ విభజన అమలు సౌలభ్యానికే తప్ప అవసరానికి తగినట్టు కనిపించదు.

మెరిసే పొర వేసేవారు గమనించవలసిన చిక్కు ఒకటుంది. అది ఖాళీ వైపు చూస్తూ ఉన్నంతసేపే వికిరణాన్ని ఆపుతుంది. రెండు వైపులా దేన్నయినా అంటుకుని ఉంటే వేడి వహనం ద్వారా దాటిపోయి ఆ మెరుపు అలంకారంగా మిగులుతుంది. మెరుపు ముఖం కిందికి ఉండటం మేలు, ఎందుకంటే పైకి ఉన్న ముఖం మీద రెండు మూడేళ్లలో దుమ్ము పేరుకుని అది కూడా మామూలు ఉపరితలంలా ప్రవర్తిస్తుంది.

కాంక్రీటు స్లాబు ఇళ్లకు అటకే లేదు గాని, వాటి సమస్య ఇంకా మొండిది. నాలుగైదు అంగుళాల స్లాబు గుండా వేడి తరంగం కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది గనుక, పైన ఎండ తీవ్రత తగ్గిన తరువాత సాయంత్రం పూట లోపల సెగ పెరుగుతుంది. ఘనపరిమాణానికి ఘనపరిమాణం చూస్తే కాంక్రీటు దాచుకోగల వేడి గాలికన్నా వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ కాబట్టి, రాత్రి కిటికీలు తెరిచినంత మాత్రాన అది త్వరగా చల్లారదు. ఇటువంటి డాబాల మీద బట్టలు ఆరేసుకోవడానికో, వాన నీరు దిగకుండానో నాలుగు వైపులా తెరిచి వేసే రేకుల షెడ్డు, వేయించినవారి ఉద్దేశం ఏదైనా, తెలుగు పట్టణాల్లో అన్నిటికన్నా బాగా గాలి ఆడే అటకగా పనిచేస్తుంది: ఎండను రేకు భరిస్తుంది, కాగిన గాలి ఏ పక్కకు వీలైతే ఆ పక్కకు కొట్టుకుపోతుంది, స్లాబు నీడలో ఉంటుంది. నష్టం లేకపోలేదు. రాత్రివేళ స్లాబు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వెదజల్లే అవకాశాన్ని అదే రేకు అడ్డుకుంటుంది. పగలు దక్కే లాభం దీనికన్నా ఎక్కువే గాని, మడిచి తీసేయగలిగిన పచ్చ నెట్టు కట్టినవారికి ఈ నష్టం కూడా ఉండదు. షెడ్డు పక్కలను రేకులతో మూసి గదిగా మార్చుకున్న రోజు నుంచి మాత్రం ఈ లాభం చాలావరకు పోతుంది.

అటకకు ద్వారాలు పెట్టేటప్పుడు వాటికీ గదికీ సంబంధం లేకుండా చూడటం ముఖ్యం. లోకప్పులో ఫ్యాను కొక్కెం చుట్టూ, లైట్ల కోసం కోసిన చోట్ల మిగిలే సందులను పూడ్చకపోతే, గాలి వాటం మారినప్పుడు అటకలోని వేడీ దుమ్మూ గదిలోకే దిగుతాయి. ఉడుతలూ గబ్బిలాలూ దూరకుండా వల బిగించడం తప్పదు గాని, దోమల వల వంటి సన్నని వల గాలి దారిని సగానికి సగం మింగేస్తుంది, దుమ్ము పడితే మిగతా సగం కూడా పోతుంది. కాబట్టి పెద్ద కళ్ల వల బిగించి, ద్వారాన్ని లెక్కకన్నా పెద్దదిగా ఉంచడం మంచిది. కోస్తాలో మరో జాగ్రత్త కావాలి. తుపాను గాలి ఒకవైపు ద్వారం గుండా అటకలోకి జొరబడి, బయటపడే దారి ఇరుకైతే, లోపలి పీడనం రేకులను కింది నుంచి ఎత్తుతుంది. బయట కప్పు మీదుగా దూసుకుపోయే గాలి అదే సమయంలో వాటిని పైకి పీలుస్తుంది. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్‌ వంటి తుపాన్లు వచ్చే తీరంలో అటక ద్వారాలకు గట్టి గడియలున్న తలుపులు పెట్టించి, హెచ్చరిక అందగానే మూసివేయడానికి వీలుగా, నిచ్చెన వేసి చేయి అందేంత ఎత్తులోనే వాటిని ఉంచాలి.